చేతిరాత చూసి గోడౌను ఇన్‌ఛార్జిని పెట్టుకోవడం - దీన్లో పస ఉందా అండి?

ఉండి రోడ్డు

అందరికీ నమస్కారమండి. భీమవరం దగ్గర రొయ్యల మేత, చెరువు మందులు అమ్మే ఒక డీలరు దగ్గర మేనేజరుగా చేస్తున్నాను. గోడౌను ఇన్‌ఛార్జి కోసం చూస్తున్నాం, పాతాయన మోకాళ్ల నొప్పులతో మానేశారు. పని మీకు తెలిసిందే. లారీ వస్తే బస్తాలు లెక్కపెట్టి దించుకోవాలి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూసి ఒకదాని మీద ఒకటి పేర్పించి నెట్టు కట్టించాలి, రైతు చీటీ తెస్తే దాని ప్రకారం సరుకిచ్చి రిజిస్టరులో ఎక్కించాలి. కష్టమైన పనేం కాదు గానీ మనిషి నమ్మకస్తుడై ఉండాలి, ఎందుకంటే మేతంతా అప్పు మీదే పోతుంది, చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాకే డబ్బులొస్తాయి, మధ్యలో ఒక పది బస్తాలు ఒకరి ఖాతాలో రాసేసి ఇంకెవరి చెరువుకో తోలేస్తే ఆ లెక్క తేలేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా ఓనరుగారికి ఈమధ్య ఒకాయన పరిచయమయ్యారు. గ్రాఫాలజీ నేర్చుకున్నారట, చేతిరాత చూసి మనిషి ఎలాంటివాడో చెప్పేస్తానంటున్నారు. పేజీకి ఇంత అని ఫీజు. గీతల్లేని తెల్లకాగితం మీద ఒక పేజీ రాయించి, కింద సంతకం పెట్టించి పంపితే రెండ్రోజుల్లో రిపోర్టు వస్తుంది. నలుగురి పేజీలు పంపాం. వాళ్లలో నాకు బాగా నచ్చిన కుర్రాడొకడున్నాడు, ఆకివీడు వైపు చెరువుల మీద సూపర్‌వైజరుగా చేశాడు, మేత కోడ్లన్నీ నోటికొచ్చు, వాడి పాత ఓనరు కూడా ఫోన్లో మంచిగానే చెప్పారు. వాడి రిపోర్టులో "డబ్బు విషయంలో జాగ్రత్త అవసరం, మనసులో మాట దాచుకునే స్వభావం" అని వచ్చింది. కారణమేంటంటే అక్షరాలు ఎడమకి వాలుతున్నాయట, ఇంగ్లీషు 'ఓ' రాసినప్పుడు పైన ముడి పడుతోందట.

ఇంకోటి కూడా చెప్పాలి. కుర్రాడు మొదట తెలుగులోనే రాసిచ్చాడు, చక్కగా రాశాడు కూడా. తెలుగు కుదరదు, ఇంగ్లీషే కావాలన్నారు ఆ గ్రాఫాలజీ ఆయన. అప్పుడు వాడు ఫోన్లో ఏదో పేరా తీసి, మా ఆఫీసు బల్ల మూల మీద కాగితం పెట్టుకుని, ఒక్కో మాటా చూసుకుంటూ దించాడు. మధ్యలో రెండుసార్లు పెన్ను మొరాయించింది, అది నా పెన్నే, రీఫిల్ అయిపోవస్తోంది.

ఓనరుగారు పెద్దాయన, మంచాయన, కానీ ఏదైనా మనసులో పడిందంటే అంతే. "మనకెందుకొచ్చిన రిస్కు, ఇంకొకణ్ణి చూడు" అంటున్నారు. ఈ విద్యలో నిజంగా ఏమైనా ఉందా? లేకపోతే ఆయనకి ఎలా చెప్పాలి? ఎదురు తిరిగినట్టు ఉండకూడదు, నాకూ ఉద్యోగం కావాలి కదండీ.

పాత క్యాషియర్, నరసాపురం

బాబూ, మీ ఓనరుగారు రెండు వేరువేరు విద్యల్ని ఒకటే అనుకుంటున్నారని నా అనుమానం, చాలామంది అలాగే అనుకుంటారు. బ్యాంకులో మేం చెక్కు మీద సంతకాన్ని మా దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూసేవాళ్లం. "ఇది ఈయన పెట్టిందేనా" అన్నది ఒక్కటే అక్కడ ప్రశ్న. కోర్టులోనూ అంతే. దస్తావేజు మీద సంతకం ఫోర్జరీ అని గొడవొస్తే నిపుణుడి అభిప్రాయం తీసుకుంటారు, పాత ఎవిడెన్స్ యాక్టులో అది 45వ సెక్షను, 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షను. ఆ నిపుణులెవరూ "ఈ సంతకం పెట్టినవాడు కోపిష్టి, అప్పు ఎగ్గొడతాడు" అని రాయరు. రాసిందెవరో తేల్చడం ఒకటి, రాసినవాడి గుణం చెప్పడం ఇంకొకటి, మీ ఓనరుగారు డబ్బులు పోస్తున్నది ఈ రెండోదానికి.

ఆ మాటకొస్తే మొదటిదాన్లోనే ఘోరమైన తప్పులు జరిగాయి. ఫ్రాన్సులో 1894లో డ్రేఫస్ అనే సైనికాధికారిని గూఢచారి అని పట్టుకున్నారు, దొరికిన కాగితం మీద రాత ఆయనదే అని. బెర్టియోన్ అని అక్కడి పోలీసు శాఖలో గొప్ప పేరున్న మనిషి, శరీర కొలతలతో నేరస్థుల్ని గుర్తుపట్టే పద్ధతి పెట్టింది ఈయనే, చేతిరాతలో మాత్రం నిపుణుడు కాదు. రాతలో తేడాలు కనపడుతున్నాయి కదా అంటే, డ్రేఫస్ తన రాతని తనే ఫోర్జరీ చేసుకున్నాడని వాదించాడు! కలిస్తే దొంగ, కలవకపోతే గజదొంగ. పాపం ఆయన నిర్దోషి అని తేలేసరికి 1906 అయింది.

మా బ్రాంచిలో డబ్బు తినేసి సస్పెండైన ఒకాయన ఉండేవాడు. రాత ముత్యాలు పేర్చినట్టు ఉండేది. అంత బాగా రాస్తాడనే లెడ్జర్లన్నీ ఆయనకి అప్పజెప్పాం, ఇంకేం చెప్పను.

అమలాపురం టు హైటెక్ సిటీ

హెచ్ఆర్‌లో పనిచేస్తాను, మనుషుల్ని ఎంచుకోవడమే నా ఉద్యోగం. సూటిగా చెప్పాలంటే పస లేదు. ఎవరూ పరీక్షించలేదు కాబట్టి లేదంటున్నాననుకునేరు, బోలెడన్ని సార్లు పరీక్షించారు. గ్రాఫాలజీ అన్న పేరు 1870ల్లో ఫ్రాన్సులో మిషోన్ అనే మతాచార్యుడు పెట్టాడు, అంటే 150 ఏళ్ల నాటి సరుకు. 1986లో ఇజ్రాయెల్లో బెన్ షఖార్ అనే సైకాలజిస్టు, ఆయనతో ఇంకొందరు కలిసి, రాత చూసి మనిషి ఏ వృత్తిలో ఉన్నాడో చెప్పమని గ్రాఫాలజిస్టుల్ని అడిగారు, కళ్లు మూసుకుని చెప్పినా అంతే వచ్చేది. 1989లో అప్పటిదాకా వచ్చిన 17 అధ్యయనాలు ముందేసుకుని చూశారు. అది నాకు భలే నచ్చుతుంది. అభ్యర్థులు తమ గురించి తాము రాసుకున్న పేజీలు ఇచ్చినప్పుడు గ్రాఫాలజిస్టులు కాస్తో కూస్తో సరిగ్గా చెప్పారు. అయితే అవే పేజీలు గ్రాఫాలజీ ముక్క రాని సైకాలజిస్టులకిస్తే వాళ్లూ ఏమాత్రం తీసిపోలేదు. అంటే సమాచారం ఉన్నది రాసిన విషయంలో, అక్షరాల ఒంపుల్లో కాదు. ఎక్కడినుంచో దించిన పేజీ ఇస్తే ఆ కాస్త కూడా పోయింది. మీవాడు ఫోన్లోంచి దించాడన్నారు కదా, ఇక దాన్లో చూడ్డానికేముంది?

ఇంకో లెక్క చెప్తాను, మీ ఓనరుగారికి అంకెలంటే ఇష్టమైతే పనికొస్తుంది. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు 85 ఏళ్ల పరిశోధనంతా పోగేసి, ఉద్యోగంలో మనిషి ఎలా పనిచేస్తాడో ఏ పద్ధతి ఎంత సరిగ్గా చెప్తుందో 19 పద్ధతులకి లెక్క కట్టారు. సున్నా అంటే ఏమీ చెప్పనట్టు, 1 అంటే అచ్చుగుద్దినట్టు చెప్పినట్టు. చెయ్యాల్సిన పనే కొంచెం చేయించి చూడటానికి 0.54 వచ్చింది, అందరికీ ఒకే ప్రశ్నలు ముందే రాసుకుని చేసే ఇంటర్వ్యూకి 0.51. గ్రాఫాలజీకి 0.02. తర్వాత 2022లో సాకెట్ అనే ఆయన బృందం ఆ పాత లెక్కలు ఎక్కువేశారని చెప్పి తగ్గించింది, ఇంటర్వ్యూ 0.42కి, పని చేయించి చూడటం 0.33కి దిగాయి. దిగినా కూడా 0.02 ఎక్కడ, 0.33 ఎక్కడ.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ పేజీ ఎందుకు రాయిస్తున్నారో కుర్రాడికి చెప్పారా? ఈ విద్య పుట్టిన ఫ్రాన్సులోనే ఇప్పుడు కార్మిక చట్టం ప్రకారం ఏ పద్ధతిలో పరీక్షిస్తున్నారో అభ్యర్థికి ముందే చెప్పాలి, ఆ పద్ధతికీ చెయ్యబోయే పనికీ సంబంధం ఉండాలి.

పెన్ను పలుకు

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్తాను. నేను ఆన్‌లైన్లో గ్రాఫాలజీ కోర్సు చేశాను. మా ట్రైనర్‌కి నేనెవరో తెలియదు, ఊరు తెలియదు, నా పేజీ ఒక్కటి చూసి చెప్పినవన్నీ సరిపోయాయి. బయటికి ధైర్యంగా కనిపిస్తాను గానీ లోపల టెన్షన్ పడతానన్నారు, నాలో ఉన్న శక్తిని నేను పూర్తిగా వాడుకోవడం లేదన్నారు, తొందరగా ఎవరినీ నమ్మనన్నారు. ఇవి మా ఇంట్లోవాళ్లకే తెలియవు. చెయ్యి రాసినా రాయించేది మెదడే కదా. కోపంలో ఉన్నప్పుడు రాత ఒకలా, ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇంకోలా ఉంటుందని మీ అందరికీ తెలుసు. మరి దానికీ మనసుకీ సంబంధం లేదని ఎలా అంటారు? సరిగ్గా నేర్చుకోనివాళ్లు చెప్పేవి చూసి విద్యనే తిట్టడం అన్యాయం.

అమలాపురం టు హైటెక్ సిటీ

పెన్ను పలుకు గారూ, మీ ట్రైనర్ చెప్పిన మూడూ నాకూ సరిపోయాయండి. మా ఆవిడకి చదివి వినిపించాను, తనకీ సరిపోయాయి. వెటకారం కాదు. 1948లో అమెరికాలో ఫోరర్ అనే ప్రొఫెసరు తన క్లాసులో 39 మంది విద్యార్థులకి పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్లకి విడిగా రాసిచ్చినట్టు తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు చాలావరకు బజారులో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. లోపల టెన్షన్, వాడుకోని శక్తి, ఈ సరుకంతా అప్పుడే ఉంది.

ఇక కోపం, ప్రశాంతత అన్నారు. మూడ్‌తో రాత మారుతుందన్నది మీ వాదనకే అడ్డం వస్తుంది కదా. ఉద్యోగం ఇంటర్వ్యూకొచ్చి, ఎవరిదో బల్ల మీద, రాని భాషలో రాస్తున్నవాడికి ఏ మూడ్ ఉంటుంది? ఆ ఒక్క పేజీతో వాడి నిజాయితీ ఎలా తేలుస్తారు? మెదడుకీ రాతకీ సంబంధం ఎవరూ కాదనరు, పార్కిన్సన్ వచ్చినవాళ్లకి రాస్తూ రాస్తూ అక్షరాలు చిన్నవైపోతాయి, అది డాక్టర్లు చూసే లక్షణం. కానీ నరాల జబ్బు తెలియడం వేరు, వీడు బస్తాలు అమ్ముకుంటాడా లేదా అన్నది తెలియడం వేరు.

ఉండి రోడ్డు గారూ, కుదిరితే ఒక పని చెయ్యండి. మీ దగ్గర నమ్మకంగా పనిచేసిన పాతవాళ్లెవరిదైనా పేజీ, పేరు చెప్పకుండా ఆ కొత్తవాళ్ల పేజీలతో కలిపి పంపండి. ఓనరుగారికి తెలిసేలాగే.

పాలకొల్లు మాస్టారు

ఈ గొడవలో అసలు విషయం ఎవరూ పట్టించుకోలేదు, తెలుగులో రాస్తే కుదరదన్నారు చూడండి, అది. ఆ నియమాలన్నీ ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాల మీద కట్టినవి. 'టీ' మీద అడ్డగీత ఎంత ఎత్తున పడింది, 'ఐ' మీద చుక్క ఎక్కడ పెట్టాడు, 'వై' తోక ఎంత కిందికి దిగింది. గీత ఎత్తుగా ఉంటే ఆశయాలు పెద్దవట. మన అక్షరాలకి వచ్చేసరికి తలకట్టుని ఏం చేస్తారు, గుడిదీర్ఘాన్ని ఏం చేస్తారు? స్త్రీ అని రాయాలంటే రెండు ఒత్తులు గీత దాటి కిందికి దిగాల్సిందే, రాముడు రాసినా రావణుడు రాసినా. ఒక భాషలో రాస్తేనే బయటపడే నిజాయితీ ఎలాంటి నిజాయితీయో నాకైతే అంతుపట్టలేదు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివిన పిల్లాడు ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా, ఒక్కోటీ బొమ్మ గీసినట్టు రాస్తాడు. కాన్వెంటులో నాలుగు గీతల కాపీ పుస్తకంలో కర్సివ్ రుద్దినవాడు కలిపేసి కుడికి వాల్చి రాస్తాడు. కుడికి వాలితే కలుపుగోలు మనిషి, ఎడమకి వాలితే లోపల ఏదో దాస్తున్నాడు అని చెప్తున్నారంటే, వాళ్లు కొలుస్తున్నది ఆ పిల్లాడి నాన్న కట్టిన ఫీజుని. వెనకటికి మన కరణాలు గొలుసుకట్టు రాసేవారు, పెన్ను పైకెత్తేవారు కాదు, ఒకాయన రాసింది చదవాలంటే ఇంకో కరణం గారిని పిలవాల్సొచ్చేది. 1984లో ఎన్టీఆర్ ఆ ఉద్యోగాలే తీసేశారనుకోండి. గ్రాఫాలజీ ప్రకారం అక్షరాలన్నీ కలిపి రాసేవాళ్లు తర్కంగా ఆలోచిస్తారట. అయితే జిల్లాలో కరణాలందరిదీ ఒకటే బుర్రన్నమాట! వాళ్లకి ఆ రాత పనితోపాటు, పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుంటే వచ్చింది, అంతకుమించి ఏం లేదు.

అక్షరం కుదురుగా రాయలేని పిల్లల్ని క్లాసులో చూస్తూనే ఉంటాను. వాళ్లలో కొందరికి డిస్‌గ్రాఫియా అనే ఇబ్బంది ఉంటుంది, నోటితో అడిగితే టకటకా చెప్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలని కూడా లెక్కలోకి తీసుకుంది. అలాంటి పిల్లాడు రేపు మీ గోడౌనుకొస్తే మీ రిపోర్టు ఏమంటుందో ఊహించుకోగలను.

అన్నట్టు ఆ కుర్రాడు ఏ చేత్తో రాశాడు? ఎడమచేతి వాటం వాళ్లలో చాలామందికి అక్షరాలు నిలువుగానో ఎడమకో వాలతాయి.

మండపేట మిల్లు

మాస్టారు చెప్పింది నిజం. నేను ధాన్యం వైపు మనిషిని, కానీ గోడౌను ఏదైనా గోడౌనే.

ఓనరుగారితో గ్రాఫాలజీ మీద వాదన పెట్టుకోకండి, గెలిచినా నష్టమే. ఆయన భయం ఏంటో దాని గురించి మాట్లాడండి. బస్తాలు పక్కదారి పడతాయని కదా భయం? దానికి రిపోర్టులు అక్కర్లేదు, తాళం ఒకరి దగ్గర, రిజిస్టరు ఇంకొకరి దగ్గర ఉంచండి. సరుకు గేటు దాటగానే ఎన్ని బస్తాలు వెళ్లాయో ఆ రైతు ఫోనుకి మెసేజ్ పోవాలి, సరుకు అందని రైతు ఊరుకోడు, "నాకు రాలేదే" అని వెంటనే ఫోన్ చేస్తాడు. చెప్పాపెట్టకుండా అప్పుడప్పుడూ మీరే వెళ్లి ఒక నెట్టు లెక్కపెట్టండి. 25 కేజీల బస్తాలు కాబట్టి వరస ఎన్ని, ఎత్తు ఎన్ని చూస్తే నిమిషాల్లో తేలిపోతుంది. నాకు భయమేసేది ఎక్కడంటే, రిపోర్టులో నిజాయితీపరుడు అని వచ్చినవాడికి తాళమూ పుస్తకమూ రెండూ ఇచ్చేసి ఓనరుగారు హాయిగా నిద్రపోతారు చూడండి, అక్కడ. ఎంత మంచివాడికైనా ఆ రెండూ ఒకే చేతిలో పెట్టకూడదు.

మనుషుల్ని చూడాలంటే లారీ వచ్చిన రోజు ఆ నలుగుర్నీ పిలవండి, ఆ పూట కూలి ఇవ్వండి. చలానాలో కావాలని ఒక తప్పు పెట్టండి, ఎవడు పట్టుకుంటాడో చూడండి.

ఇంకో మాట కూడా అనేస్తాను. మన వైపు ఎవరబ్బాయి, ఏ ఊరు, ఎవరు చెప్పారు అన్నదే ముందు చూస్తాం, కాదనకండి. పెద్దాయన ఎవరైనా ఫోన్ చేసి పంపిన కుర్రాడి పేజీ ఎవరూ పరీక్షకి పంపరు. వెనకాల ఎవరూ లేనివాడికే ఈ అక్షరాలు వాలడాలూ, ముడులు పడటాలూ.

ఉండి రోడ్డు

అందరికీ థాంక్సండి, ఇన్నాళ్లకి వచ్చి చెప్తున్నాను, సీజను మొదలైపోయింది, ఊపిరాడలేదు.

మాస్టారూ, మీరన్నది నిజమే, ఎడమచేతి వాటమే! రిపోర్టు రాసినాయన ఆ విషయం అడగనేలేదు.

హైటెక్ సిటీ గారు చెప్పినట్టు మా పాత ఇన్‌ఛార్జి గారి పేజీ పేరు చెప్పకుండా పంపుదామంటే ఓనరుగారు సరదాగానే ఒప్పుకున్నారు. ఆయన మా దగ్గర ఒక్క బస్తా తేడా రానివ్వలేదు, ఓనరుగారికి తమ్ముడికన్నా ఎక్కువ. రిపోర్టు వచ్చింది, "చేపట్టిన బాధ్యతని చివరిదాకా నిలబెట్టుకోలేని స్వభావం" అని. హమ్మయ్య, ఇప్పటికైనా నమ్మకం పోతుందనుకున్నాను. ఓనరుగారు రెండుసార్లు చదువుకుని, కళ్లజోడు తీసి, "చూశావా, అందుకే కదా మోకాళ్ల నొప్పులని మధ్యలో మానేశాడు" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

కానీ మెసేజ్ పద్ధతి, రెండు చేతుల పద్ధతి ఆయనకి భలే నచ్చేశాయి. లారీ పరీక్ష కూడా పెట్టాం. మన కుర్రాడు చలానాలో తప్పు పట్టలేదండి, కూడిక అలాగే వదిలేశాడు. దాన్ని పట్టింది వీరవాసరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన. కుర్రాడు ఏం చేశాడంటే, దించుతుండగా టార్పాలిన్ చిరిగిన మూల చూసి, ఆ కింద తడిసిన బస్తాలన్నీ మేం చెప్పకుండానే విడిగా పెట్టించి, డ్రైవరు చేత చలానా వెనకాల రాయించి సంతకం పెట్టించాడు. ఇప్పుడు ఎవర్ని తీసుకోవాలో తెలియట్లేదు, ఉన్నది ఒక్క పోస్టు.

మండపేట మిల్లు

తడి బస్తా వేరుచేసినవాణ్ణి వదులుకోవద్దు. కూడిక నేర్పొచ్చు, క్యాలిక్యులేటరు ఇవ్వొచ్చు. తడి మేత లోపలికి పోయి బూజు పడితే పక్క బస్తాలు కూడా పాడవుతాయి, పైగా అది వేసిన రైతు మీ మీదకి వస్తాడు. పెద్దాయన్ని రిజిస్టరు రాయడానికి సాయంత్రం పూట పిలవండి, సగం జీతానికి వస్తారేమో కనుక్కోండి.

పెన్ను పలుకు

మోకాళ్ల నొప్పుల రిపోర్టు రాసినాయన ఏ కోర్సు చేశారో కనుక్కుంటారా? మా ట్రైనర్ అయితే వయసు, చేతివాటం అడక్కుండా పేజీ ముట్టుకోరు.

లంక కుర్రోడు

ఆ రెండో పోస్టు నిజంగా పెడితే జీతమెంతండి? మా బావమరిది తణుకులో మేత గోడౌనులోనే చేశాడు, లెక్క పక్కాగా ఉంటుంది. రాత మాత్రం మందుల షాపువాడు కూడా చదవలేడు.